హెడ్‌సెట్ నుంచి హియరింగ్ ఎయిడ్ దాకా

మావారు ఇంటికి కొత్త కాలింగ్ బెల్ పెట్టించారు. పాతది ట్రింగుమని అపార్ట్‌మెంటంతా మొత్తుకునేది. కొత్తది పిట్ట కూత. ఎలక్ట్రీషియన్ బిగించి, నొక్కి, "ఎట్లుంది అమ్మా?" అన్నాడు. "ముందు కనెక్షన్ ఇవ్వు నాయనా, తర్వాత చెప్తా" అన్నాను. ఇచ్చేశాడట. అప్పటిదాకా నొక్కుతూనే ఉన్నాడట. మావారు నా మొహం చూశారు, ఎలక్ట్రీషియన్ నేల చూశాడు.

ఆ తర్వాత చాలా రోజులు ఆ బెల్లునే తిట్టుకుంటూ గడిపాను. చెవిని అనుమానించడానికి మనసొప్పలేదు మరి. ఉద్యోగమంతా చెవితోనే బతికినదాన్ని. 1978లో టెలిఫోన్స్‌లో ఆపరేటర్‌గా చేరాను, 2017లో రిటైరయ్యాను. మధ్యలో మా డిపార్ట్‌మెంటు 2000 అక్టోబరు 1న బీఎస్ఎన్ఎల్ అయింది. నా హోదా కూడా 'సీనియర్ టెలికాం ఆపరేటింగ్ అసిస్టెంట్' అని బారెడు పెరిగింది. వీధిలోవాళ్ళకి మాత్రం నేను ఎప్పుడూ టెలిఫోన్ ఆపరేటరమ్మనే.

ఊరవతలికి ఫోన్లు కలిపే మా ట్రంక్ హాలు ఎలా ఉండేదో ఇప్పటివాళ్ళకి చెప్పాలంటే కొంచెం ఓపిక కావాలి. పొడవాటి గది. గోడ పొడవునా నిలువు బోర్డులు, ఒక్కో బోర్డు ముందు ఎత్తు కుర్చీలో ఒక్కో అమ్మాయి. బోర్డు నిండా జాక్‌లు, అంటే అంచుకి ఇత్తడి చుట్టు ఉన్న చిన్న చిల్లులు. ముందు బల్ల మీద ప్లగ్గులున్న కార్డులు జంటలు జంటలుగా నిలబడి ఉండేవి. దీపం వెలిగితే ఒక ప్లగ్గు ఇటు, దాని జంట అటు. తలకి హెడ్‌సెట్. డ్యూటీ దిగి బస్సెక్కాక కూడా చెవి పైన దాని గీత అలాగే ఉండేది, కొత్తమ్మాయి ఎవరో పాతమ్మాయి ఎవరో ఆ గీతని బట్టి చెప్పేయొచ్చు. వెనకాల మమ్మల్ని కనిపెట్టి ఉండే మానిటర్ మేడమ్ చెప్పుల చప్పుడు. ఎవరైనా నవ్వితే ఆ చప్పుడు ఆగేది. అది ఆగిందంటే మా నవ్వూ ఆగేది.

ఊరవతలికి మాట్లాడాలంటే 180కి ఫోన్ చేసి కాల్ బుక్ చేసుకోవాలి. మేము టికెట్ మీద రాసుకునేవాళ్ళం. ఎవరు, ఎవరికి, ఏ రకం. ఆర్డినరీ అయితే రోజంతా ఎదురు చూడొచ్చు. అర్జెంట్‌కి రెట్టింపు చార్జీ, లైట్నింగ్‌కి ఎనిమిది రెట్లు. పీపీ కాల్ అంటే ఫలానా మనిషి లైన్లోకి వస్తేనే మాట్లాడతారు. మూడు నిమిషాలు ఒక లెక్క. అది కాగానే మధ్యలో దూరి "త్రీ మినిట్స్ ఓవర్ సర్, ఎక్స్‌టెండ్ చేయమంటారా?" అనాలి. అవతల కూతురు ఏడుస్తున్నా అనాలి. లైట్నింగ్ టికెట్ చేతికొచ్చిందంటే అయితే వ్యాపారం, లేకపోతే చావు కబురు. బుక్ చేసే గొంతులోనే ఏదో తెలిసిపోయేది. చావు కబురైతే టికెట్‌ని వరుసలోంచి తీసి మా సీనియర్ అక్కకి ఇచ్చేవాళ్ళం. లైను ఎలా దొరకబుచ్చుకోవాలో ఆవిడకే తెలుసు. దారి బిజీగా ఉంటే ఇంకో ఊరి ఆపరేటర్‌ని బతిమాలి, చుట్టూ తిప్పి కలిపేది.

వానాకాలం ఆదిలాబాద్ వైపు లైన్లు గురగురలాడేవి. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి వినపడదు, మధ్యలో ఉన్న మాకు మాత్రం రెండు వైపులా కొంచెం కొంచెం వినపడుతుంది. అప్పుడు మేమే మాట మోసేవాళ్ళం. ఒకసారి సికింద్రాబాద్‌లో ఒకావిడ, ఆదిలాబాద్‌లో క్యాంపులో ఉన్న ఆవిడ భర్త. "డబ్బులు ఇంకా పంపలేదేమని అడుగుతున్నారండీ." "పంపానని చెప్పమ్మా." "పంపారటండీ." "అబద్ధమని చెప్పు." నేను గుటక మింగి, "ఇంకా అందలేదంటున్నారండీ" అన్నాను. ఆవిడ ఊరుకోలేదు. "నేనన్న మాట అన్నట్టే చెప్పు, నువ్వు సర్దకు" అని నన్ను కసిరింది. ఆఖరికి ఇద్దరూ కలిసి నా మీద పడి, మూడు నిమిషాలు అయిపోయాక ఎక్స్‌టెండ్ చేయమన్నారు. అంటే వాళ్ళ సంసారం బాగానే ఉన్నట్టు.

ట్రైనింగ్‌లో చెప్పిన ఒక సంగతి ఉద్యోగమంతా గుర్తుంది. టెలిఫోన్ లైను మనిషి గొంతుని మొత్తంగా మోయదు. శబ్దం ఎంత బొంగురో ఎంత సన్నమో హెర్ట్జ్‌లలో కొలుస్తారు, అందులో 300 నుంచి 3400 దాకా ఉన్న ముక్కనే మోస్తుంది. మాట అర్థం కావడానికి అది చాలు. కానీ స, ఫ లాంటి అక్షరాల పదును చాలావరకు ఆ పైన ఉంటుంది, అది తెగిపోతుంది. అందుకే ఫోన్లో పేర్లు చెప్పేటప్పుడు "ఎస్ ఫర్ షుగర్, ఎఫ్ ఫర్ ఫాదర్" అని చెప్పుకునేవాళ్ళం. వినపడని అక్షరాన్ని ఊహతో పూరించడం మాకు అన్నం తిన్నంత అలవాటు.

ఆ అలవాటే నన్ను చాలాకాలం కాపాడింది, లేదా దాచింది అనాలి. వయసుతో వచ్చే వినికిడి లోపం ముందు సన్నని, పై స్థాయి శబ్దాలనే పట్టుకుపోతుందట. గొంతు వినపడుతూనే ఉంటుంది, మాట తెలియదు. 'సీత' అన్నా 'గీత' అన్నా ఒకలాగే ఉంటుంది. మిగతావాళ్ళు "ఏంటీ? ఏంటీ?" అని అడుగుతారు. నేను అడగను, ఊహించేస్తాను. అలా ఎన్నాళ్ళు నెట్టుకొచ్చానో నాకే తెలియదు, పిట్ట కూత బెల్లు రాకపోతే ఇంకొన్నాళ్ళు నెట్టుకొచ్చేదాన్నే.

చెవి పరీక్ష గది చూడగానే నవ్వొచ్చింది. చిన్న సౌండ్ ప్రూఫ్ గది, తలకి హెడ్‌సెట్, చేతిలో బటన్. "శబ్దం వినపడితే నొక్కండి అమ్మా" అంది ఆడియాలజిస్టు. మా మనవరాలి వయసు ఉంటుంది. గ్లాసు అవతల కూర్చుని ఆవిడ ఏదో తిప్పుతోంది, నేను నొక్కుతున్నాను. కొంతసేపటికి ఆవిడ తిప్పుతూనే ఉంది, నేను ఊరికే కూర్చున్నాను. బయటికొచ్చాక కాగితం చూపించింది. ఎడమ నుంచి కుడికి 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా గడులు. 1000 దాకా గీత బాగానే వచ్చి, 2000 దాటాక కిందికి జారిపోయింది. "టెలిఫోన్ లైనంత మిగిలింది నాకు" అన్నాను. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. చెప్పాక మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకుని ట్రంక్ హాలు గురించి ఇంకా ఇంకా అడిగింది. బయట పేషెంట్లు గొణుక్కున్నారు.

ఇంకో మాట కూడా చెప్పింది. వినికిడి తగ్గితే మనుషులు మెల్లగా మాటలు మానేస్తారు, నలుగురిలోకి వెళ్ళడం మానేస్తారు, ఆ ప్రభావం మెదడు మీద పడుతుంది అని. నేను ఇంటికొచ్చి చదివాను. 2020లో లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ డిమెన్షియాకి, అంటే మతిమరుపు జబ్బుకి, మనం సరిచేసుకోగల కారణాలన్నీ లెక్కవేస్తే, అందులో వినికిడి లోపానిదే పెద్ద వాటా అని తేలింది. కళ్ళజోడు పెట్టుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు. చెవి మెషిన్ అనేసరికి ఎందుకో పెళ్ళిచూపుల్లో లోపం దాచినట్టు దాస్తారు. మా బ్యాచ్‌లోనే ఇద్దరు ముగ్గురు కొని, బీరువాలో పెట్టి, కొడుకు వచ్చినప్పుడు మాత్రం పెట్టుకుంటారు.

రెండు చెవులకీ కలిపి ఒక స్కూటీ ధర అయింది. మొదటి వారం నరకం. పేపర్ మడతపెడితే చెవి పక్కనే టపాకాయలు. పాలిథిన్ కవరు, కుళాయి, ఫ్యాను, నా చెప్పులు, మావారు అప్పడం నమలడం. ఇల్లు ఇంత గోల చేస్తుందని నాకు తెలియదు. తీసేద్దామనిపించింది. మెదడు అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది, తీయకండి అని ఆ అమ్మాయి గట్టిగా చెప్పింది కాబట్టి ఉంచుకున్నాను. నిజంగానే ఫ్యాను వెనక్కి వెళ్ళిపోయింది, మాట ముందుకొచ్చింది.

వాటికి బ్లూటూత్ ఉందని సెట్ చేసి ఇచ్చింది. ఆ సాయంత్రం చిక్కడపల్లి కూరగాయల దగ్గర బెండకాయలు విరిచి చూస్తుంటే నేరుగా తల లోపల ఫోన్ మోగింది. చేతిలో సంచి, ఫోన్ సంచి అడుగున. చెవి దగ్గర చిన్నగా తట్టాను. "ఏమే, జిందా ఉన్నవా?" అని సీనియర్ అక్క గొంతు. అచ్చం ట్రంక్ హాల్లో పక్క బోర్డు నుంచి పిలిచినట్టే. ఇంతకాలం తర్వాత మళ్ళీ ఫోను చేత్తో పట్టుకునే పని లేకుండా, గొంతు చెవిలో. కూరగాయలబ్బాయి నన్ను పైకీ కిందికీ చూశాడు. ఒంటరిగా మాట్లాడుకుంటున్నాననుకుని పావుకిలో ఎక్కువ తూచాడు, జాలితోనేమో.

కొత్త మెషిన్లంటే భయం లేదా అని మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళు అడుగుతుంటారు. మా ఉద్యోగమే అలాంటిది, ఒక మెషిన్ నేర్చుకునేసరికి అది పోయేది. ఆపరేటర్ లేకుండా నేరుగా డయల్ చేసుకునే ఎస్టీడీ ఊళ్ళన్నిటికీ పాకేకొద్దీ మా బోర్డులు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. వీధి వీధికీ పసుపు బోర్డు పీసీవోలు, అంటే డబ్బిచ్చి ఫోన్ చేసుకునే బూత్‌లు వచ్చాయి, రాత్రి పదకొండు దాటితే పావు చార్జీ అని జనం దుప్పట్లు కప్పుకుని లైన్లో నిలబడేవాళ్ళు. మేము ఇళ్ళల్లో కూర్చుంటామేమో అని బెంగపడ్డాం. కూర్చోలేదు. కొందరు బిల్లుల సెక్షన్‌కి, కొందరు కస్టమర్ సర్వీస్‌కి, నేను ఫోన్ నంబర్లు అడిగితే చెప్పే 197 డైరెక్టరీ ఎంక్వయిరీకి. అక్కడ కంప్యూటర్లు పెట్టారు. నలభై దాటిన ఆడవాళ్ళం, ఇంటికెళ్తే ఇడ్లీ పిండి రుబ్బుకోవాల్సినవాళ్ళం, కీబోర్డు మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, అవతల "ఎంతసేపమ్మా" అని అరుస్తుంటే నేర్చుకున్నాం. ఎవరూ మా వయసు చూసి మినహాయింపు ఇవ్వలేదు. ఆ మినహాయింపు ఇవ్వకపోవడమే మేలు చేసిందని ఇప్పుడనిపిస్తుంది. రిటైరయ్యాక అందరూ "మీకెందుకమ్మా, మేం చేసిపెడతాం" అంటారు. మావాడు నిజాంపేటలో ఉంటాడు, మంచివాడే. కానీ వాడు చేసిపెట్టే ప్రతి పనీ నేను నేర్చుకోకుండా పోయే పని.

అలాగని అన్నీ నేర్చుకోను. నా పద్ధతి ఒకటే. దానివల్ల ఒక మనిషి దగ్గరకొస్తే నేర్చుకుంటాను, లేకపోతే లేదు. రీల్స్ నాకొద్దు. షాపింగ్ యాప్‌లు వద్దు, వంకాయ చేత్తో పట్టుకోనిదే కొనలేను. వాట్సాప్‌లో మెట్రో టికెట్ తీసుకోవడం మాత్రం మొదట్లోనే నేర్చుకున్నాను. 2022లో వచ్చింది ఆ సౌకర్యం. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఎక్కితే పరేడ్ గ్రౌండ్స్ దాకా ఎండా దుమ్మూ లేకుండా వెళ్ళిపోవచ్చు, అక్కడి నుంచి అక్క వాళ్ళ మల్కాజిగిరికి ఆటో. బస్సుల్లో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి ఫ్రీ అయ్యాక మెట్రో కొంచెం తగ్గించాను, ఆధార్ చూపించి జీరో టికెట్. మావారు టికెట్ కొనుక్కుని పక్కన నిలబడతారు, నాకు ఎవరో సీటిస్తారు. బస్సు ఎక్కిన మూడ్‌ని బట్టి ఆయన్ని తెలిసినట్టు చూస్తాను, లేకపోతే లేదు.

తెలుగు టైపింగ్ నా వల్ల కాదు, వేళ్ళు లావు. ఫోన్‌కి మాట చెబితే అదే రాస్తుంది. ఇది కూడా అలాగే రాస్తున్నాను. నేను "చారు పెట్టాను" అంటే "కారు పెట్టాను" అని రాస్తుంది. అప్పుడు నాకు తెలియకుండానే ఆపరేటర్ గొంతు వచ్చేస్తుంది, మెల్లగా, ముక్క ముక్కకీ ఆపి. ఆ గొంతుతో చెబితే ఒక్క తప్పు రాదు. ఆ రోజుల్లో మానిటర్ మేడమ్ తిట్టి నేర్పిన ఉచ్చారణకి ఇన్నాళ్ళకి ఒక యంత్రం విలువిచ్చింది.

మా పాత ఆపరేటర్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపుంది, పేరు 'నైట్ డ్యూటీ'. గుడ్ మార్నింగ్ పూల బొమ్మలు వద్దని నేను, పెడతామని వాళ్ళు. కానీ ఆ గ్రూపు ప్రాణమంతా వాయిస్ మెసేజ్‌లలో ఉంది. నలభై ఏళ్ళ కింద పక్క సీట్లో విన్న గొంతులు. మొహాలు మారిపోయాయి, ఎక్కడైనా పెళ్ళిలో కలిస్తే గుర్తుపట్టలేము. గొంతు మాత్రం ఒక్క మాటకే పట్టేస్తాం. ఒకావిడ మెసేజ్‌లో దగ్గు విని, "అది మామూలు దగ్గు కాదు, డాక్టర్‌కి చూపించు" అని నలుగురు నాలుగు ఊళ్ళ నుంచి పోరారు. చూపిస్తే న్యుమోనియా. ఆవిడతో రోజూ ఉండే కొడుకుకి తెలియలేదు.

మోసగాళ్ళ ఫోను సంగతి కూడా చెప్పాలి. "మీ నంబర్ రెండు గంటల్లో కట్ చేస్తున్నాం, ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, వివరాలకు తొమ్మిది నొక్కండి" అని రికార్డు గొంతు. ట్రాయ్ అంటే ఫోన్ కంపెనీలకి నియమాలు పెట్టే ప్రభుత్వ సంస్థ, అది ఎవరి నంబరూ కట్ చేయదు, అది సర్వీసు ఇచ్చే కంపెనీ పని, ఈ ముక్క నాకు నిద్రలో అడిగినా తెలుసు. అయినా తొమ్మిది నొక్కాను, చూద్దామని. ఒకాయన హిందీలో గంభీరంగా మాట్లాడటం మొదలుపెట్టాడు. నా పేరు మీద ఇంకో సిమ్ ఉందట, దాంతో నేరాలు జరిగాయట, ముంబై పోలీసులకి కలుపుతాడట. నేను ఆయన మాట వినట్లేదు, ఆయన వెనక చప్పుడు వింటున్నాను. చెవిలోనే ఫోనాయె, అంతా తెలుస్తోంది. ఆయన "సిమ్" అన్న కాసేపటికి వెనకాల ఇంకో గొంతు "సిమ్" అంది. ఆయన "ముంబై" అంటే, ఎక్కడో దూరంగా మూడో గొంతు "ముంబై" అంది. హాలు. వరుసగా కూర్చుని, ఒకే కాగితం చూసి చదువుతున్నారు. మా ట్రంక్ హాల్లాగే ఉంది, మానిటర్ చెప్పుల చప్పుడు ఒక్కటే తక్కువ. "బేటా, నైట్ డ్యూటీ హై క్యా?" అని అడిగాను. ఒక్క క్షణం ఆగాడు. "హా ఆంటీ" అనబోయి తమాయించుకున్నట్టనిపించింది. ఫోన్ పెట్టేశాడు.

నవ్వుకున్నాను కానీ, అదే కథతో మా వాకింగ్ స్నేహితురాలి దగ్గర చాలా డబ్బే లాగారు. వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్సులో కూర్చుని, 'డిజిటల్ అరెస్ట్' చేశాం, గదిలోంచి కదలొద్దు అన్నారట. చట్టంలో అలాంటి అరెస్టే లేదు. చదువుకున్న మనిషి, కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. భయపెట్టే గొంతు ముందు చదువు పనిచేయదు. అందుకని మా గ్రూపులో అందరి చేతా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరు సేవ్ చేయించాను. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే దానికి ఫోన్ చేస్తే, అది చేతులు మారేలోపు ఆపడానికి వీలుంటుంది. పోనివాళ్ళు కూడా ఊరుకోకుండా ప్రభుత్వ వెబ్‌సైటు సంచార్ సాథీలో చక్షు అని ఉంటుంది, అక్కడ ఆ నంబరు రాసి పెట్టాలి. ముప్పై ఏళ్ళ నైట్ డ్యూటీలు చేసినవాళ్ళం, ఒక రాంగ్ కాల్‌ని రిపోర్ట్ చేయకుండా వదిలితే చేయి దురద పెడుతుంది.

ఆ నైట్ డ్యూటీలు ఒంట్లో కూడా లెక్క రాసిపెట్టాయి. అర్ధరాత్రి టిఫిన్ డబ్బాలు, పొద్దున్నే నిద్ర, మళ్ళీ సాయంత్రం పిల్లల హోంవర్కు. యాభై దాటగానే షుగర్ వచ్చింది. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వేసుకున్నాను. కాళ్ళల్లో తిమ్మిరి వస్తే షుగర్ వల్లే అనుకున్నాం అందరం. డాక్టరమ్మ విటమిన్ బి12 పరీక్ష రాసింది, బాగా తక్కువ. ఆ మాత్ర చాలాకాలం వాడేవాళ్ళలో బి12 తగ్గే అవకాశం ఉందట. మేము శాకాహారులం కూడానాయె. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు డాక్టర్‌ని ఒకసారి అడిగి చూడండి, సొంతంగా మాత్రలు మానడం మాత్రం వద్దు.

పొద్దున్న సుందరయ్య పార్కులో నడుస్తాను. అక్కడ అందరి చేతికీ వాచీలు, అందరికీ పదివేల అడుగుల పిచ్చి. గేటు దగ్గరికొచ్చాక కూడా లెక్క పూర్తి కాలేదని నిలబడిన చోటే కాళ్ళు ఆడిస్తుంటారు. ఆ పదివేలు ఏ డాక్టరూ పెట్టింది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్ముతూ, దానికి 'పదివేల అడుగుల మీటరు' అని అర్థం వచ్చే పేరు పెట్టింది. నాకు ఇది తెలిశాక మోకాళ్ళకి చాలా హాయిగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నిమిషాలు కొంచెం ఆయాసం వచ్చేలా నడవమని. అరవై ఐదు దాటినవాళ్ళు దాంతోపాటు వారంలో మూడు రోజులైనా బలానికీ బ్యాలెన్స్‌కీ పనికొచ్చే కసరత్తు చేయమంటుంది. మనం మొదటిది చేసి రెండోది వదిలేస్తాం. బాత్‌రూంలో పడేది ఆ రెండోది వదిలేసినందుకే.

నేను చేసేది కుర్చీ కసరత్తు. చేతులు రొమ్ము మీద కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. 65 నుంచి 69 మధ్య ఆడవాళ్ళు 30 సెకన్లలో 11 సార్లు కూడా లేవలేకపోతే పడిపోయే ప్రమాదం ఎక్కువని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళ లెక్క. ఫోన్లో టైమర్ పెట్టుకుని డైనింగ్ టేబుల్ దగ్గర చేస్తాను. మావారు పేపర్ అడ్డం పెట్టుకుని చూస్తారు. ఆయన్ని కూడా చేయమంటే, "నాకు ఆ మాత్రం బలం ఉంది" అని చేతులు ఆనించి లేస్తారు. టీవీ వాల్యూం మాత్రం పక్క ఫ్లాట్ వాళ్ళు వార్తలు మనింట్లోవే వినేంత. చెవి పరీక్షకి రమ్మంటే, "నువ్వు గొణుగుతావు కాబట్టి నాకు వినపడదు" అంటారు. ట్రంక్ హాల్లో నిజామాబాద్ దాకా వినపడిన గొంతు నాది.

నవంబరు వచ్చిందంటే మాకు బతికున్నామని చెప్పుకునే పండగ. పెన్షన్ ఆగకుండా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్. ఒకప్పుడు బ్యాంకులో గంటల తరబడి నిలబడి, గుమస్తా ముందు సంతకం పెట్టి, ఆయన తలెత్తి చూస్తే బతికున్నట్టు. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ అని డిజిటల్‌లో మొదలుపెట్టారు, వేలిముద్ర పెట్టాలి. అంట్లు తోమి, పసుపు దంచి, చింతపండు పిసికిన చేతులు మావి, గీతలెక్కడివి? మెషిన్ ఒప్పుకోదు. బొటనవేలు తుడిచి, చూపుడు వేలు తుడిచి, చివరికి కొబ్బరినూనె రాసి కూడా పెట్టినవాళ్ళున్నారు. 2021లో మొహం చూసి గుర్తుపట్టే పద్ధతి వచ్చాక ప్రాణం లేచొచ్చింది. ఫోన్లో రెండు యాప్‌లు ఉండాలి, జీవన్ ప్రమాణ్‌దొకటి, ఆధార్ మొహం చూసేదొకటి. ముందు ఫోనున్నవాళ్ళ మొహం చూపించి రిజిస్టర్ చేసుకుంటే, ఆ ఫోన్‌తోనే ఇంకొందరికి కూడా చేసిపెట్టొచ్చు. మొహం గుండ్రంలోకి రావాలి, వెలుతురు ఉండాలి, కళ్ళు ఒకసారి ఆర్పి తెరవాలి. అంతే, బతికున్నట్టు. కాటరాక్ట్ ఆపరేషనైన మా ఫ్రెండొకావిడ జన్మలో ఆర్పనంత శ్రద్ధగా ఆర్పితే ఫోన్ ఒప్పుకోలేదు. "సినిమా హీరోయిన్‌లా వద్దు, మామూలుగా ఆర్పు" అంటే ఒప్పుకుంది.

అలా నా ఫోను మా వాళ్ళందరికీ ఎక్స్‌ఛేంజ్ అయింది. నవంబరులో మా హాలు నిండా ఆడవాళ్ళు, టీలు, పకోడీలు. ఒకరి ఫోన్లో అక్షరాలు పెద్దవి చేస్తాం, ఒకరికి ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని మళ్ళీ చెప్తాం, ఒకరికి చెవి పరీక్ష చేయించుకోమని పోరుతాం. మావారు బయటికి వెళ్ళిపోతారు, గోల భరించలేక. టీవీ వాల్యూం పెట్టే మనిషికి గోలట.

సీనియర్ అక్కకి ఈ ఏడు నవంబరు దాకా ఆగక్కర్లేదు, ఎనభై దాటినవాళ్ళు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. ఆవిడ మెట్లు దిగలేదు కాబట్టి నేనే మల్కాజిగిరి వెళ్ళాలి. నిన్న వాయిస్ మెసేజ్ పెట్టింది. "ఇగో, వచ్చేటప్పుడు చార్జర్ తెచ్చుకో. నా ఫోన్ల జాగ లేదంటున్నది, అది కూడ చూడాలె. ఆ పూల బొమ్మలు మాత్రం తీసెయ్యకు, నువ్వు తీసేస్తవని నాకెర్కే." ఫోన్లో జాగా అంతా తినేసింది ఆ పూల బొమ్మలే. అవి తీయకుండా జాగా ఎలా చేయాలో మావాణ్ణి అడిగాను, పెన్‌డ్రైవ్‌లో పెట్టమన్నాడు. పెన్‌డ్రైవ్ కొన్నాను. ఎలా పెట్టాలో ఆదివారంలోపు నేర్చుకోవాలి.